గేమ్‌లో ఫ్రేములు పడిపోతున్నాయా? డీడీఆర్5 కొనేముందు చూడవలసినవి

డీడీఆర్4 (పాత తరం ర్యామ్) తీసేసి డీడీఆర్5 (దాని తర్వాతి తరం) వేయిస్తే గేములు పరుగెడతాయా అని అడిగేవారు చాలామంది తమ కంప్యూటర్‌లో ఇప్పుడున్న ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందో ఒక్కసారి కూడా చూసి ఉండరు. ముందు అది చూడాలి. ఎందుకంటే డీడీఆర్5కు మారడమంటే ర్యామ్ ఒక్కటే మార్చడం కాదు. రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి ఉండే చోటు వేరు, ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. మదర్‌బోర్డు మార్చాలి. ఏఎండీ ప్రాసెసర్ల పాత సాకెట్ ఏఎం4 వాడేవారైతే ప్రాసెసర్ కూడా మార్చక తప్పదు. ఇంటెల్ 12, 13, 14 తరాల కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు రెండు రకాలతోనూ పనిచేస్తాయి కానీ, బోర్డు మాత్రం సాధారణంగా ఏదో ఒకదానికే తయారై ఉంటుంది.

సమస్య: పెట్టె మీద 3200 అని ఉంది, కంప్యూటర్ 2133 చూపిస్తోంది

టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద వేగం కనిపిస్తుంది. అక్కడ 2133, 2400, 2666 లాంటి అంకె ఉంటే ర్యామ్‌లో లోపం ఏమీ లేదు. పెట్టె మీద రాసిన వేగం దానంతట అది రాదు. బోర్డు మొదట ప్రామాణిక వేగంతోనే ర్యామ్‌ను నడుపుతుంది. డీడీఆర్5 అయితే ఆ వేగం చాలావరకు 4800 దగ్గర ఉంటుంది.

కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లండి. ఎక్స్‌ఎంపీ అన్న చోట, పెట్టె మీది వేగానికి ముందే సిద్ధం చేసి ఉంచిన ప్రొఫైల్ ఎంచుకుని సేవ్ చేయండి. ఏఎం4 మీద కొన్ని బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు, ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో అని ఉంటుంది. పైసా ఖర్చు లేని పని ఇది. అయినా కంప్యూటర్ బిగించి ఇచ్చేటప్పుడు దీన్ని చేయకుండా వదిలేసే దుకాణాలకు కొదవ లేదు.

రెండు మినహాయింపులు. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 1600 కనిపిస్తే కంగారు పడకండి, అది అసలు గడియారపు వేగం. ఒక్కో స్పందనకు రెండుసార్లు డేటా కదులుతుంది కాబట్టి 1600 అంటే 3200 అన్నమాటే. ఇక ఇంటెల్ హెచ్410, బీ460 బోర్డులు ప్రాసెసర్‌ను బట్టి 2666 లేదా 2933 దాటనివ్వవు. వాటికి వేగవంతమైన ర్యామ్ కొనడం శుద్ధ దండగ.

సమస్య: సగటు ఫ్రేముల సంఖ్య బాగానే ఉంది, కానీ మధ్యమధ్య కుదుపులు

టాస్క్ మేనేజర్ అదే పేజీలో ఎన్ని స్లాట్లు నిండాయో ఉంటుంది. 4లో 1 అని ఉంటే అనుమానించవలసింది దాన్నే. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారిని చానల్ అంటారు. డీడీఆర్4-3200 ఒక్క చానల్ మీద సెకనుకు 25.6 గిగాబైట్లు మోస్తుంది, రెండు చానళ్ల మీద 51.2. ఒకే 16 జీబీ కర్ర (ర్యామ్ స్టిక్) కన్నా రెండు 8 జీబీ కర్రలు మేలనేది ఇందుకే. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ వంటి చిప్‌తో ఆడేవారికి ఇది ప్రాణాధారం. అక్కడ గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది.

రెండు కర్రలూ ఉండి కూడా ఒకే చానల్‌లో పడి ఉండవచ్చు. నాలుగు స్లాట్ల బోర్డులో పక్కపక్కన గుచ్చితే సాధారణంగా జరిగేది అదే. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని సన్నగా అచ్చు వేసి ఉంటుంది. కరెంటు తీసేసి, గాడి సరిచూసుకుని, క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కండి.

డీడీఆర్5లో ఒక చిక్కు ఉంది. ఒక్కో కర్రలో 32 బిట్ల ఉపచానళ్లు రెండు ఉంటాయి. సీపీయూ-జెడ్ ఒకే కర్రకు 2×32 బిట్ అని చూపిస్తే డ్యూయల్ చానల్ వచ్చేసిందని సంబరపడకండి, అక్కడ 4×32 కనిపించాలి.

సమస్య: డీడీఆర్5 వేయించినా తేడా ఏమీ లేదు

కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు అనిపించే సందర్భం ఇది. గేమ్ రిజల్యూషన్‌ను 720కి దించి చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది, ర్యామ్ ఏదైనా ఫలితం అంతంతమాత్రమే. 4కేలో ఆడేవారి పరిస్థితి ఎక్కువగా ఇదే. పెరగకపోతే ప్రాసెసర్, ర్యామ్ వైపు చూడాలి.

అప్పుడు లెక్క వేయవలసింది సీఎల్ అంకె, అంటే అడిగిన డేటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు ర్యామ్ తీసుకునే గడియారపు స్పందనల సంఖ్య. దాన్ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4-3200 సీఎల్16కు 10. డీడీఆర్5-4800 సీఎల్40కి 16.7. డీడీఆర్5-6000 సీఎల్36కు 12, సీఎల్30కి 10. అంటే చవక డీడీఆర్5 ఎక్కువ డేటా మోసినా మొదటి అడుగు ఆలస్యంగా వేస్తుంది. మంచి డీడీఆర్4 నుంచి దానికి మారి లాభపడిందేమిటో నాకు అర్థం కాదు. ఏఎండీ డీడీఆర్5 సాకెట్ అయిన ఏఎం5కు కొంటే 6000 సీఎల్30 జత చూడండి, ధర మరీ మండిపోతుంటే సీఎల్36తో సర్దుకోవచ్చు. 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీ వాడేవారు దీనికోసం తల పట్టుకోనక్కరలేదు. ఆ ఏఎండీ ప్రాసెసర్ల లోపలే 96 ఎంబీ ఎల్3 క్యాష్ అనే వేగవంతమైన మెమరీ ఉంది, ర్యామ్ దగ్గరకు వెళ్లే అవసరమే తగ్గుతుంది.

సమస్య: కొత్త డీడీఆర్5 పెట్టాక తెర నల్లగా ఉండిపోయింది

ఫ్యాన్లు తిరుగుతుంటే ఆగండి. బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటోంది, ఏఎం5లో మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో స్విచ్ ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. పావుగంటైనా రాకపోతే ఒక్క కర్రతో ప్రయత్నించి, అప్పటికీ రాకుంటే బయోస్ సెట్టింగులు తుడిచేయండి.

సమస్య: ఎక్స్‌పో ఆన్ చేశాక గేములు మూసుకుపోతున్నాయి

కర్రలు నాలుగున్నాయా? ఏఎం5లో రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు కర్రలకు 5200, నాలుగింటికి 3600 మాత్రమే. అంతకు మించి నడవడం చిప్ అదృష్టం. వేర్వేరు సమయాల్లో కొన్న రెండు జతలను కలిపితే చిక్కు ఇంకా పెరుగుతుంది. బయోస్ కొత్త వెర్షన్ వేసి, 6000ను 5600కు దించి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపండి. అందులో ఒక్క తప్పు కనిపించినా ఆ వేగం పనికిరాదు. కర్రలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే చెడ్డది ఏదో తేలిపోతుంది, వారంటీలో మార్పించుకోండి.

సమస్య: కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టగానే గేమ్ నిలిచిపోతోంది

ఇది ర్యామ్ రకం గొడవ కాదు, ర్యామ్ చాలని గొడవ. ర్యామ్ 8 జీబీ ఉండి, ఆ క్షణంలో డిస్క్ వాడకం 100 శాతానికి ఎక్కుతుంటే విండోస్ డిస్కును ర్యామ్‌గా వాడుకుంటోంది. బ్రౌజర్ మూసి చూడండి, తర్వాత 16 జీబీకి వెళ్లండి. ర్యామ్ సగం ఖాళీగా ఉన్నా నిలిచిపోతుంటే టెక్స్చర్ నాణ్యత ఒక మెట్టు దించండి. అప్పుడు సాఫీగా నడిస్తే కొరత గ్రాఫిక్స్ కార్డులోని సొంత మెమరీలో ఉంది, దానికి బోర్డు మీద ఎంత ర్యామ్ పెంచినా ఆ కొరత తీరదు.