అక్వేరియం కంట్రోలర్ నేర్చుకుందాం – 4వ పాఠం: హీటర్ పాడైతే ఫోన్ మోగాలి

పోయిన పాఠంలో టెంపరేచర్ ప్రోబ్‌ని సరిచూసుకున్నాం, హీటర్‌ని కంట్రోలర్ సాకెట్‌కి తగిలించాం, 25.2 డిగ్రీలకి ఆన్, 25.6కి ఆఫ్ అని పెట్టాం. అది కనీసం రెండు రోజులు సవ్యంగా నడిచిందని చూసుకున్నాకే ఈ పాఠం మొదలుపెట్టండి, ఎందుకంటే ఇవాళ పెట్టే అలర్టులన్నీ ఆ రెండు అంకెల మీదే నిలబడతాయి.

మామూలుగా అందరూ ఏం చేస్తారంటే, నీళ్లు 24 కన్నా తగ్గితే ఒక మెసేజ్, 27 దాటితే ఒక మెసేజ్ అని పెట్టేసి నిశ్చింతగా పడుకుంటారు. అవి ఉండాల్సిందే. కాకపోతే హీటర్ చెడిన సంగతి నీళ్లలో కనబడేసరికి చాలా సేపు పడుతుంది. ఎంత సేపో ఒకసారి లెక్క వేసి చూద్దాం. లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగాలంటే దాదాపు 4,186 జౌళ్ల శక్తి కావాలి (సెకనుకి ఒక జౌల్ అంటే ఒక వాట్). మీది 200 లీటర్ల ట్యాంకు, హీటర్ 200 వాట్లు అనుకుందాం. వేడి ఎటూ పోకుండా ఉంటే ఒక డిగ్రీ పెరగడానికి 70 నిమిషాలు పడుతుంది. మీ హీటర్ రోజు మొత్తంలో సగం సేపు ఆన్‌లో ఉంటోందంటే ట్యాంకు సగటున 100 వాట్ల వేడిని గదిలోకి వదిలేస్తోందన్నమాట, కాబట్టి హీటర్ ఆగిపోతే డిగ్రీ పడిపోవడానికి సుమారు 140 నిమిషాలు. 25.2 నుంచి 24కి దిగేసరికి దాదాపు మూడు గంటలు. రాత్రి పన్నెండుకి చెడితే తెల్లవారుజామున మూడింటికి మెసేజ్ వస్తుంది, మీరు నిద్రలో ఉంటారు, లేచేసరికి ఇంకో డిగ్రీకి పైగా పోయి ఉంటుంది.

అదే హీటర్ తీసుకుంటున్న కరెంటుని చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ పాఠంలో అసలు పట్టుకోవాల్సింది ఇదే: మన కాపలా నీళ్ల మీద ఒక్కటే ఉంటే చాలదు, వాట్ల మీద కూడా ఉండాలి.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. ఒకరోజు పొద్దున చూస్తే చేపలన్నీ ఒక మూల అడుగున చేరి, రెక్కలు ముడుచుకుని కదలకుండా ఉన్నాయి. హీటర్ వైపు చూశాను, ఎర్ర లైటు వెలుగుతోంది, అంటే పనిచేస్తోందనుకున్నాను. గాజు గొట్టం చుట్టూ వేడికి నీళ్లలో చిన్న అలలాంటి కదలిక కనబడుతుంది చూడండి, అది లేదు. కంట్రోలర్‌లో ఆ సాకెట్ ఆన్ అనే ఉంది. పక్కనే ఉన్న వాట్ల అంకె మాత్రం సున్నా. లోపల తీగ తెగిపోయింది. ఆ చిన్న లైటుకి కరెంటు ఆ తీగ గుండా కాకుండా వేరే దారిలో వస్తుంది కాబట్టి తీగ తెగినా వెలుగుతూనే ఉంటుంది. ఆ సున్నా రాత్రంతా కంట్రోలర్ దగ్గర ఉంది, నన్ను లేపమని దానికి నేను చెప్పలేదు, అంతే.

ఇప్పుడు మొదటి అలర్ట్ పెడదాం. ముందు హీటర్ ఆన్‌లో ఉన్నప్పుడు వాట్లు ఎంత చూపిస్తున్నాయో రాసుకోండి. డబ్బా మీద 200 అని ఉన్నా సరిగ్గా 200 రాదు, వోల్టేజీని బట్టి మారుతుంది. 230 వోల్టుల హీటర్‌కి 210 మాత్రమే అందితే 167 వాట్ల దగ్గర ఉంటుంది. అందుకే హద్దుని మరీ దగ్గరగా పెట్టకండి, సగం చాలు. షరతు ఇలా ఉంటుంది: హీటర్ సాకెట్ ఆన్‌లో ఉంది, వాట్లు 100 కన్నా తక్కువ, ఇది వరసగా 5 నిమిషాలు నిలిచింది, అయితే అలర్ట్. ఆ ఐదు నిమిషాల ఆలస్యం తప్పకుండా పెట్టండి, లేకపోతే సాకెట్ ఆన్ అయిన మొదటి క్షణాల్లో వాట్లు ఇంకా సున్నా చూపిస్తున్నప్పుడే ఫోన్ మోగుతుంది. రెండు రోజుల్లో విసుగొచ్చి నోటిఫికేషన్లే ఆపేస్తారు, అప్పుడు అసలు రోజున ఎవరూ లేపరు. అపెక్స్ అనే కంట్రోలర్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, అందులో షరతుల్ని పై నుంచి కిందికి చదివి చివరగా ఏది నిజమైతే దాన్నే పాటిస్తుంది, కాబట్టి వరస మారితే ఫలితం మారిపోతుంది.

రెండు హీటర్లు ఉంటే రెంటినీ ఒకే సాకెట్‌కి కలపొద్దు. వేర్వేరు సాకెట్లు, వేర్వేరు అలర్టులు. నన్నడిగితే ఒక 200 కన్నా రెండు 100లే మంచివి. ఒకటి ఆగిపోయినా రెండోది కొంత లాక్కొస్తుంది, ఒకటి ఆగకుండా వెలిగినా దాని బలం సగమే.

రెండో అలర్ట్ దీనికి సరిగ్గా తిరగేసినది. సాకెట్ ఆఫ్ అని చూపిస్తోంది, కానీ వాట్లు 20 దాటి ఒక నిమిషంగా నడుస్తున్నాయి. అంటే సాకెట్ లోపలి రిలే (కంట్రోలర్ చెప్పినప్పుడు కరెంటుని కలిపే, విడదీసే స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోయాయి, కంట్రోలర్ ఆపమన్నా కరెంటు ఆగడం లేదు. ఇక్కడ కంట్రోలర్ చేయగలిగింది ఏమీ లేదు, ఎవరో ఒకరు వెళ్లి ప్లగ్ పీకాలి. అందుకే దీన్ని మామూలు మెసేజ్‌లా వదలకండి, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగేలా పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా వెళ్లేలా చూడండి. నీళ్లు వేడెక్కితే కరిగి ఉండే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది, మంచినీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా పడుతుంది, 30 దగ్గర 7.6కి దిగిపోతుంది. అదే సమయంలో చేపలకి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. చలికి చేపలు కొంత సేపు తట్టుకుంటాయి, వేడికి అంత వ్యవధి ఇవ్వవు.

ఇక్కడ హీటర్‌లో ఉండే సొంత థర్మోస్టాట్ (మనం పెట్టిన డిగ్రీకి నీళ్లు చేరగానే కరెంటు ఆపే భాగం) సంగతి మాట్లాడాలి. దాన్ని 26.5 దగ్గర పెట్టండి. రోజూ ఆన్, ఆఫ్ చేసేది కంట్రోలర్, ఆ థర్మోస్టాట్ వెనక ఆసరా. ఇందులో కనబడని చిక్కు ఒకటుంది. ఆ థర్మోస్టాట్ లోపల అతుక్కుపోయిందనుకోండి, కంట్రోలర్ 25.6కి సాకెట్ ఆపేస్తూనే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు నెలల తరబడి నడుస్తుంది, ఆసరా పోయిన సంగతి ఏ అలర్టూ చెప్పదు. మనమే చూసుకోవాలి. నెలకోసారి సాకెట్ ఆన్‌లో ఉన్నప్పుడు హీటర్ మీది మరని నీళ్ల టెంపరేచర్ కన్నా రెండు డిగ్రీలు కిందికి తిప్పి వాట్లు చూడండి. వెంటనే సున్నాకి పడితే మంచిది, పడకపోతే ఆ హీటర్‌ని ఇక వాడకండి. చూశాక మరని మళ్లీ 26.5కి తిప్పడం మర్చిపోవద్దు. అసలు సొంత థర్మోస్టాట్ లేని టైటానియం హీటర్లు ఉంటాయి, వాటికి కంట్రోలర్‌తో సంబంధం లేని వేరే థర్మోస్టాట్ ఒకటి మధ్యలో తగిలించాలి.

నీళ్ల అలర్టులు కూడా ఉంచండి, కాస్త దగ్గరగా: కింద 24.6, పైన 26.8, పది నిమిషాల ఆలస్యంతో. ఇవి ప్రోబ్‌ని నమ్ముతాయి కాబట్టి ప్రోబ్ జారి నీళ్ల బయట పడితే అది గది వేడిని చూపిస్తుంది, గది చల్లగా ఉంటే కంట్రోలర్ అది చూసి నీళ్లే చల్లగా ఉన్నాయనుకుని హీటర్‌ని నడుపుతూనే ఉంటుంది. రెండో ప్రోబ్ ఉంటే రెంటి మధ్య తేడా 1 డిగ్రీ దాటితే చెప్పమనండి. లేకపోతే హీటర్ ఆగకుండా నాలుగు గంటలు ఆన్‌లో ఉంటే చెప్పమనండి, చలి రోజుల్లో ఈ అంకెని పెంచుకోవాల్సి వస్తుంది.

కంట్రోలరే ఆగిపోతే? కరెంటు పోయినా, వైఫై పోయినా అది మెసేజ్ పంపలేదు. అందుకని యాప్‌లో, కంట్రోలర్ పలకకపోతే చెప్పమనే సెట్టింగ్ ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. రౌటర్‌ని, కంట్రోలర్‌ని చిన్న యూపీఎస్ మీద పెడితే కరెంటు పోయిన సంగతి కూడా అదే చెబుతుంది.

ఇప్పుడు హోంవర్క్. హీటర్ ఆన్‌లో ఉన్నప్పుడు ప్లగ్ పీకి గడియారం చూడండి, ఐదారు నిమిషాల్లో ఫోన్ మోగాలి. హీటర్‌ని నీళ్లలోంచి మాత్రం తీయకండి, వేడి గాజు పగులుతుంది. తర్వాత ప్రోబ్‌ని 28 డిగ్రీల నీళ్లున్న గ్లాసులో పెట్టండి, హీటర్ వెంటనే ఆగాలి, పది నిమిషాలు దాటాక మెసేజ్ రావాలి. గ్లాసులో నీళ్లు ఈలోపు చల్లారకుండా కాస్త పెద్ద గ్లాసు తీసుకోండి. ప్రోబ్‌ని తిరిగి ట్యాంకులో బిగించాకే లేవండి. ఒకసారి పగలు చేసి, ఇంకోసారి రాత్రి ఫోన్‌ని మీరు మామూలుగా పెట్టుకునే చోటే, సైలెంట్‌లోనే పెట్టి, ఇంట్లోవాళ్లని ప్లగ్ పీకమని చెప్పి పడుకోండి. మీకు మెలకువ వచ్చిందో లేదో రాసుకోండి, వచ్చే పాఠంలో పంపు ఆగితే హీటర్ ఏం చేయాలో చూసేటప్పుడు అది కావాలి.