నెట్ ఆగిపోయిన ఇంట్లో కూడా తెరుచుకునే రీఛార్జ్ పేజీ కట్టడం ఎట్లా

తిరుపతిలో లోకల్ నెట్ ప్రొవైడర్ దగ్గర వెబ్ డెవలపర్‌గా చేరినోళ్ళ చేతికి మొదట వచ్చే పని దాదాపు ఇదే, కస్టమర్ పోర్టల్. లాగిన్, ప్లాన్, పే బటన్, ఏముందిలే అనుకుంటారు. తిరకాసు ఏందంటే ఈ పేజీని ఎక్కువగా తెరిచేది నెట్ లేనోళ్ళే. ప్లాన్ అయిపోయి, టీవీ ఆగిపోయి, ఇంట్లో పిల్లోళ్ళు గోల చేస్తా ఉంటే అప్పుడు గుర్తొస్తాం మనం. అందుకే ముందు దీని సంగతి చూసి, డ్యాష్‌బోర్డులూ గ్రాఫులూ తర్వాత పెట్టుకోండి.

కోడ్ ముట్టుకునే ముందు నెట్‌వర్క్ టీమ్ అన్నతో ఒక టీ తాగి లైన్ ఎట్లా నడుస్తా ఉందో కనుక్కోండి. మామూలుగా అయితే ఇంట్లో రౌటర్ పీపీపీఓఈ (లైన్ మీద లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ చేస్తుంది, మన పక్క ఉన్న మైక్రోటిక్ బాక్సో ఇంకో కంపెనీదో అది అందుకుని, ఈయన్ని లోపలికి రానియ్యాలా వద్దా అని ర్యాడియస్ సర్వర్‌ని (కస్టమర్ల లాగిన్లూ వాడకం లెక్కలూ చూసేది) 1812 పోర్టులో అడుగుతుంది, వాడకం లెక్కలు 1813లో పంపిస్తా ఉంటుంది. ప్లాన్ అయిపోయినోడిని రిజెక్ట్ చేయమని ర్యాడియస్‌కి చెప్పడం సులభం, చాలా చోట్ల అదే చేస్తారు, నాకైతే నచ్చదు. రౌటర్ మళ్ళీ మళ్ళీ డయల్ చేస్తానే ఉంటుంది, లాగులు నిండిపోతాయి, కస్టమర్‌కి మాత్రం ఏమీ కనపడదు, లైన్ తెగిందనుకుని ఫోన్ చేస్తాడు. దానికి బదులు యాక్సెప్ట్ చేసి వేరే ఐపీ పూల్‌లో (ప్లాన్ అయిపోయినోళ్ళకే ఇచ్చే ఐపీ అడ్రస్‌ల గుంపు, ఎక్స్‌పైరీ పూల్ అందాం) వేయించండి. ఆ పూల్‌లో ఉన్నోళ్ళకి డీఎన్ఎస్ (సైటు పేరుని ఐపీగా మార్చేది), మన పోర్టల్, పేమెంట్ గేట్‌వే మాత్రం తెరిచి మిగతాది ఫైర్‌వాల్‌లో మూసేయాలి.

ఇప్పుడు వాళ్ళని మన పేజీకి తేవాలి. 80 పోర్టులో వచ్చే మామూలు హెచ్‌టీటీపీని మాత్రమే మళ్ళించండి, హెచ్‌టీటీపీఎస్ వచ్చే 443 జోలికి పోవద్దు. హెచ్‌టీటీపీఎస్‌ని మళ్ళిస్తే బ్రౌజర్ ఎర్రగా సర్టిఫికెట్ వార్నింగ్ చూపిస్తుంది, బైరాగిపట్టెడలో ఒక పెద్దాయన మా ఫోన్ ఎవడో హ్యాక్ చేసినాడని భయపడతాడు. ఎక్కువ సైట్లు హెచ్‌టీటీపీఎస్సే కదా, ఇంక మళ్ళించేది ఏముందంటే, ఫోన్లే మనకి సాయం చేస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైకి ఎక్కగానే గూగుల్ చిరునామా ఒకటి అడిగి 204 అనే ఖాళీ జవాబు వస్తుందా లేదా చూస్తుంది, ఐఫోన్ కూడా ఇట్లాంటి పరీక్షే యాపిల్ చిరునామాతో చేస్తుంది. అక్కడ మన 302 (ఇంకో పేజీకి పొమ్మనే జవాబు) వచ్చిందంటే నెట్‌వర్క్‌లో సైన్ ఇన్ అవ్వమని నోటిఫికేషన్ వస్తుంది, నొక్కితే మన పేజీ. ఒకటి గుర్తుంచుకోండి, అది పూర్తి బ్రౌజర్ కాదు, చిన్న కిటికీ, అందులోంచి యూపీఐ యాప్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. అందుకని క్యూఆర్ కూడా చూపించండి, అదే లింకు ఎస్సెమ్మెస్‌లో కూడా పంపించండి, మొబైల్ డేటా ఉన్నోళ్ళు అక్కడినుంచే కట్టేస్తారు.

పేజీ మాత్రం వట్టి పేజీలా ఉండాలి. ఆఫీసులో రియాక్ట్ తెలిసిన కుర్రోళ్ళు ఉంటారు, చక్కగా కడతారు, ఫాంట్ గూగుల్ నుంచి, ఐకాన్లు ఏదో సీడీఎన్ (ఫైళ్ళు అందించే బయటి సర్వర్లు) నుంచి. ఎక్స్‌పైరీ పూల్‌లో అవేవీ రావు, పేజీ తెల్లగా నిలబడిపోతుంది, ఒక్కోసారి ఆ స్క్రిప్ట్ కోసం అర నిమిషం ఎదురుచూసి తర్వాత బటన్ వస్తుంది. అన్నీ మన సర్వర్‌లోనే పెట్టండి, తెలుగు అక్షరాలకి ఫోన్‌లో ఉన్న ఫాంటే చాలు, జావాస్క్రిప్ట్ లేకపోయినా పే బటన్ పనిచేయాలి. పేజీ మీద కస్టమర్ పేరు, ప్లాన్, కట్టాల్సిన డబ్బు, బటన్, అంతే. లాగిన్ అడగనక్కర్లేదు కూడా, ఆ ఐపీ ఏ యూజర్‌దో ర్యాడియస్ సెషన్ టేబుల్‌లో ఉంటుంది. పోర్టల్ ముందు ఎక్కడా నాట్ (అందరి ఐపీలనీ ఒకే ఐపీగా మార్చేది) పడకుండా చూసుకోండి, పడితే అందరూ ఒకే ఐపీతో వస్తారు, ఒకరి ప్లాన్ ఇంకొకరికి కనపడుతుంది.

పేమెంట్ దగ్గర అసలు గొడవ. గేట్‌వే డొమైన్ తెరిచినాం కదా అనుకుంటాం, కానీ కార్డు అయితే ఓటీపీ పేజీ ఆయన బ్యాంకుది, యూపీఐ అయితే ఆ యాప్ ఎన్ని చోట్లకి మాట్లాడుతుందో ఎవరికి తెలుసు. ఆ లిస్టు రాస్తా పోతే తెగదు. నేను చెప్పేది ఏందంటే పే బటన్ నొక్కగానే ఆ యూజర్‌కి తక్కువ స్పీడుతో 10 నిమిషాలు మొత్తం నెట్ తెరిచేయండి, రోజుకి ఒకటి రెండు సార్లకి మించకుండా. ఎవడో ఆ 10 నిమిషాల్లో వాట్సాప్ చూసుకుంటాడు, చూసుకోనీ.

డబ్బు కట్టినాడా లేదా అనేది బ్రౌజర్ తిరిగొచ్చిన పేజీని చూసి తేల్చొద్దు, గేట్‌వే నుంచి వచ్చే వెబ్‌హుక్‌ని (గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి పంపే కబురు) చూసి తేల్చాలి, అది కూడా నిజంగా గేట్‌వేదేనా అని సిగ్నేచర్ సరిచూసినాకే. ఒకే వెబ్‌హుక్ రెండు సార్లు వస్తుంది, మామూలే, పేమెంట్ ఐడీ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే ఐడీని డేటాబేస్ రెండోసారి ఎక్కనియ్యని నియమం) పెడితే ఒక నెల డబ్బుకి రెండు నెలలు పోదు. యూపీఐ పెండింగ్‌లో పడితే "ఫెయిల్" అని చూపించొద్దు, "ఇంకా తెలీలా, మళ్ళీ కట్టొద్దు" అని తెలుగులో రాసి, వెనకాల మీరే గేట్‌వేని అడుగుతా ఉండండి. డబ్బు లెక్క పైసల్లో, పూర్ణసంఖ్యగా పెట్టుకోండి. 499 ప్లాన్‌కి 18 శాతం జీఎస్టీ కలిపితే 588.82, డేటాబేస్‌లో 58882.

డబ్బు వచ్చినాక కూడా సెషన్ పాత పూల్‌లోనే ఉంటుంది, "కట్టినాను, నెట్ రాలా" అనే ఫోన్లు ఇక్కడినుంచే. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమని చెప్పించొద్దు, మన సర్వరే 3799 పోర్టులో డిస్‌కనెక్ట్ మెసేజ్ పంపిస్తే సెషన్ తెగి, రౌటర్ తిరిగి డయల్ చేసి, కొత్త పూల్‌లోకి వస్తుంది. మైక్రోటిక్‌లో ర్యాడియస్ ఇన్‌కమింగ్ (ఈ మెసేజ్ అందుకునే సెట్టింగ్) ఆన్ చేసి ఉందో లేదో ఆ టీ అన్ననే అడగండి.

ఎక్స్‌పైరీ టైమ్ రాత్రి 12కి పెట్టొద్దు, పొద్దున 11కి పెట్టండి, ఆఫీసు తెరిచి ఉంటుంది, కేబుల్ అన్న కూడా లేచి ఉంటాడు. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైమ్) ఉంటే ఐదున్నర గంటల తేడా చూసుకోండి.

వాడకం గ్రాఫ్ పెట్టేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. ర్యాడియస్‌లో ఇన్‌పుట్ అంటే మన బాక్సు లోపలికి వచ్చింది, అంటే కస్టమర్ అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఔట్‌పుట్‌లో ఉంటుంది. ఆ కౌంటర్ 32 బిట్లు, 4 జీబీ దాటగానే సున్నాకి పోతుంది, ఎన్ని సార్లు తిరిగిందో గిగావర్డ్స్ అని వేరే ఫీల్డులో వస్తుంది. దాన్ని కలపకపోతే రాత్రంతా సినిమాలు చూసినోడికి కూడా ఒకటిన్నర జీబీ చూపిస్తుంది, ఎవరూ కంప్లైంట్ చేయరు కాబట్టి ఎప్పటికీ బయటపడదు.

టెస్టింగ్ ఆఫీసు వైఫైలో చేయొద్దు. టేబుల్ మీద ఒక ఓఎన్‌యూ (ఫైబర్ వైరు తగిలించే పెట్టె), పాత రౌటర్, చవక ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి పెట్టుకుని, ఎక్స్‌పైర్ అయిన టెస్ట్ అకౌంట్‌తో డయల్ చేయించి, సిమ్ తీసేసి చూడండి. కొత్త వర్షన్ పెట్టే రోజు కూడా చూసి ఎంచుకోండి, కొండ మీద 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు అస్సలు వద్దు. దేశమంతా ఒకేసారి ఆ సైట్ మీద పడతారు, ఇక్కడ కొర్లగుంట నుంచి తిరుచానూరు దాకా ప్రతి ఇంట్లో మీ నెట్టే స్లో అంటారు, ఆ ఫోన్ల మధ్యలో మీ పేజీ నిజంగా పడిపోయినా సపోర్ట్ వాళ్ళు గుర్తుపట్టలేరు.