ఉలువాటులో అగ్ని నృత్యం, తర్వాత భోజనం

బాలిలో ఉలువాటు గుడి దగ్గర రామాయణ కథను ఆడే కెచక్ నృత్యం అయ్యాక అసలు టెన్షన్ మొదలవుతుంది. వందలమంది ఒక్కసారే బయటికొస్తారు, అప్పటికప్పుడు ట్యాక్సీ దొరకదు. మొదటిసారి మేం ఆకలితో రోడ్డు మీదే నిలబడ్డాం.

రెండోసారి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒకే కారు మాట్లాడుకున్నాం, జింబరన్ బీచ్‌లో భోజనం చేసేంతసేపు ఆగడం కూడా బేరంలో కలిపి. ఆట సాయంత్రం 6కి. మేం 4:30కే చేరి, పై మెట్ల మీద దారి పక్కన కూర్చున్నాం. వాయిద్యాల్లేవు, మగవాళ్ల 'చక్ చక్' గొంతులే. చివర్లో హనుమంతుడు నిప్పును తన్నేటప్పుడు ముందు వరుసల వైపు రవ్వలు ఎగురుతాయి, పిల్లలుంటే పైనే నయం. ముగియగానే ముందుగా బయటపడ్డాం.

జింబరన్‌లో చేపను మన కళ్లముందే తూకం వేయించి, మొత్తం ఎంతో అడిగాకే కాల్చమనండి. అక్కడి డబ్బు రూపియాలో సున్నాలెక్కువ, తికమక పడతాం.

నవంబరు–మార్చి వానల్లో మాత్రం ఈ ప్లాన్‌ను నమ్ముకోలేం, ఇసుక మీద భోజనం కుదరకపోవచ్చు. కళ్లజోడు సంచిలో పెట్టుకోండి, గుడి దగ్గరి కోతులు లాక్కుపోతాయి.