మిద్దె తోటకు నీటి టైమరు: ఎంపిక, బిగింపు

మిద్దె తోటకు ఆటోమేటిక్ టైమరు కొనేవారు చాలామంది మొదట ధర చూస్తారు, ఆ తర్వాత రోజుకు ఎన్నిసార్లు నీళ్లు పెట్టగలదో చూస్తారు. అంతకంటే ముందు చూడవలసినది, మేడ మీది నీళ్ల ట్యాంకు అడుగు కుండీల కంటే ఎంత ఎత్తులో ఉందన్నది. మార్కెట్లో దొరికే టైమర్లలో చాలావాటిని కుళాయిలో రోజంతా ఒత్తిడితో నీళ్లు వచ్చే దేశాలను దృష్టిలో పెట్టుకొని తయారుచేశారు. మన ఊళ్లలో మున్సిపాలిటీ నీళ్లు ఏ కొద్ది గంటలో వచ్చి సంపులో పడతాయి. సంపు నుంచో బోరు నుంచో మోటారు వాటిని ట్యాంకుకు ఎక్కిస్తుంది. అక్కడి నుంచి అవి తమ బరువు మీదనే కిందికి దిగుతాయి. ఈ తేడాను పట్టించుకోకుండా కొన్న టైమరు పెట్టెలోంచి తీసిన రోజునే మొండికేస్తుంది.

నీటి ఎత్తుకూ ఒత్తిడికీ ఉన్న లెక్క తేలికైనదే. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు. పది మీటర్ల ఎత్తున్న నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడినిస్తుంది, అంటే మీటరుకు 0.1 బార్. రెండంతస్తుల ఇంటి పైకప్పు మీద, ఒకటిన్నర మీటర్ల దిమ్మె మీద ట్యాంకు ఉందనుకుంటే, కింద పెరట్లోని కుళాయికి ఏడెనిమిది మీటర్ల ఎత్తు కలిసివచ్చి 0.7 నుంచి 0.8 బార్ వరకు దొరుకుతుంది. అదే ట్యాంకు పక్కన, మిద్దె మీదనే ఉన్న కుండీలకు 0.15 బార్ వస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మరి కాస్త ఎక్కువ రావచ్చు. ఫిల్టరులోనూ గొట్టాల వంపుల్లోనూ అందులో కొంత పోతుంది.

టైమరు లోపల నీటిని ఆపి వదిలే వాల్వు ప్రధానంగా రెండు రకాలు. సోలినాయిడ్ రకంలో నీటి దారికి అడ్డంగా ఒక రబ్బరు పొర ఉంటుంది. కరెంటు అందగానే విద్యుదయస్కాంతం ఒక సన్నని రంధ్రాన్ని మాత్రమే తెరుస్తుంది. ఆ పొరను లేపేదీ, తిరిగి గట్టిగా అదిమి మూసేదీ నీటి ఒత్తిడే. అందువల్ల ఈ రకానికి సాధారణంగా 0.5 బార్ అయినా ఉండాలి. అంతకు తగ్గితే అది సరిగా తెరుచుకోదు, లేదా తెరుచుకున్నాక పూర్తిగా మూసుకోక రాత్రంతా సన్నగా కారుతూ ఉంటుంది. బాల్ వాల్వు రకంలో ఒక చిన్న మోటారు, మధ్యలో బెజ్జం ఉన్న గుండును పావు చుట్టు తిప్పుతుంది. దీనికి నీటి ఒత్తిడితో పని లేదు, కాబట్టి మిద్దె మీది ట్యాంకుకు ఇదే తగినది. పెట్టె మీద పనిచేసే ఒత్తిడి సున్నా నుంచి మొదలవుతుందని రాసి ఉంటే అది బాల్ వాల్వు రకమని దాదాపు నమ్మవచ్చు. దుకాణంలో బ్యాటరీలు వేయించి చూస్తే ఇంకా మంచిది: సోలినాయిడ్ ఒక్కసారి టక్కుమంటుంది, బాల్ వాల్వు కొన్ని సెకన్ల పాటు జుయ్యిమంటూ తిరుగుతుంది. ఈ తేడాను పట్టడానికి చెవి చాలు.

ఇంట్లో ప్రెషర్ పంపు ఉన్నవారికి సోలినాయిడ్ టైమరు కూడా పనికివస్తుంది. అయితే డ్రిప్పుకు, అంటే చుక్కచుక్కగా నీరు పెట్టే గొట్టాలకు, గంటకు వంద లీటర్లు కూడా పట్టని చిన్న తోటలో, ఆ కొద్ది ప్రవాహానికి పంపు మాటిమాటికీ ఆగి మొదలవుతూ ఉంటుంది, దానివల్ల మోటారు త్వరగా పాడవుతుంది. అలాంటి ఇళ్లలో తోట గొట్టాన్ని పంపుకు ముందే, నేరుగా ట్యాంకు నుంచి విడిగా తీసుకొని బాల్ వాల్వు టైమరు పెట్టుకోవడమే మేలు. పచ్చిక బయలు పరిచి, నేలలోంచి లేచే స్ప్రింక్లర్లు బిగించుకోవాలనుకునేవారి సంగతి వేరు. వాటికి రెండు బార్‌కు అటూఇటూగా ఒత్తిడి కావాలి కాబట్టి పంపు తప్పదు. తోటను భాగాలు చేసి, ఒక్కో భాగానికి 24 వోల్టుల వాల్వు పెట్టి, అన్నిటినీ ఒక కంట్రోలరుకు కలపాలి. ఆ పనిని ఎలక్ట్రీషియనుకు అప్పగించడం మంచిది.

కుండీల తోటకు స్ప్రింక్లరు కంటే డ్రిప్పు ఎందుకు మెరుగో కూడా చెప్పుకోవాలి. సూక్ష్మ స్ప్రింక్లర్లకు సైతం ఒక బార్ దరిదాపు ఒత్తిడి లేనిదే నీరు విచ్చుకొని చిమ్మదు. పైగా కుండీల మధ్య ఖాళీలో పడిన నీరంతా వృథా అయి స్లాబు మీద నిలుస్తుంది. డ్రిప్పర్లను, అంటే గొట్టానికి గుచ్చే చుక్కల మూతులను, కొనేటప్పుడు ఒత్తిడిని సమం చేసే రకం, అంటే దుకాణాల్లో పీసీ డ్రిప్పరు అనేది, తీసుకోకూడదు. కనీస ఒత్తిడి లేనిదే అది పనిచేయదు. సాధారణ డ్రిప్పరు మీద గంటకు 4 లీటర్లు అని రాసి ఉంటే అది ఒక బార్ దగ్గర ఇచ్చే లెక్క. ఒత్తిడి ఐదో వంతుకు, అంటే 0.2 బార్‌కు, పడిపోతే ప్రవాహం సగానికి కాస్త తక్కువకు తగ్గుతుంది, గంటకు 1.8 లీటర్లు మాత్రమే వస్తాయి. ఆ లెక్కన ఒక్కో కుండీకి అర లీటరు అందాలంటే పదిహేడు నిమిషాలు పడుతుంది. నలభై కుండీలకు కలిపి 20 లీటర్లు ఖర్చవుతాయి. పెట్టె మీది అంకెను నమ్మి ఎనిమిది నిమిషాలకు టైమరు పెట్టుకున్నవారి టమాటా మొక్కలు మే నెలలో వాడిపోవడానికి ఇదే కారణం.

ఇక టైమరు రూపానికి వస్తే, రెండు డయళ్ల రకం, తెర మీద అంకెలు కనిపించే రకం, వైఫై రకం దొరుకుతాయి. రెండు డయళ్ల దానిలో ఒకటి ఎన్ని గంటలకోసారి అన్నది, రెండోది ఎన్ని నిమిషాలు అన్నది నిర్ణయిస్తాయి. వాటిలో చాలావాటికి గడియారం ఉండదు, డయలు తిప్పిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. కాబట్టి తెల్లవారుజామున 5 గంటలకు నీళ్లు కావాలనుకుంటే ఆ వేళకే లేచి డయలు తిప్పాలి. అంకెల తెర ఉన్నది కొద్దిగా ఖరీదెక్కువైనా, ఉదయం ఒక సమయం, సాయంత్రం మరొకటి వేర్వేరు నిమిషాలతో పెట్టుకునే వీలున్నందున నేను దానికే ఓటేస్తాను. వైఫై రకాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలు మీదే నడుస్తాయి, ఆ సిగ్నలు మిద్దె మూలకు అందకపోతే వాటికి పెట్టిన డబ్బు దండగ. విదేశాల్లోని పిల్లలు ఫోనులో చూసి నీళ్లు పెట్టాలన్న ముచ్చట ఉంటే తప్ప వైఫై రకం అవసరం లేదు. బ్యాటరీతో నడిచే వాటన్నిటికీ కరెంటు కోతల బెడద లేదు, అది వేసవిలో చిన్న సౌకర్యం కాదు.

బిగించడానికి ముందు ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి టీ జాయింటు వేసి, తోటకు విడిగా ఒక కొస తీసుకోవాలి. ఉన్న కుళాయి మూతికే టైమరు తగిలించడం సులువుగా కనిపిస్తుంది గానీ, మన కుళాయిల్లో చాలావాటి మూతికి మరలే ఉండవు. బిగింపు పట్టీతో తగిలించినది కొద్ది వారాల్లోనే ఊడి వస్తుంది. కొస చివర బయటి మరలున్న జాయింటును, ప్లంబర్లు ఎంటీఏ అనే దాన్ని, అతికించాలి. టైమర్ల మూతులు తరచుగా ముప్పావు అంగుళానివి, మన గొట్టాలు అర అంగుళానివి కాబట్టి జతపరిచే ముక్కను ముందే తెచ్చుకోవాలి. సాల్వెంట్ సిమెంటు పూసిన అతుకులు పూర్తిగా ఆరేదాకా నీరు వదలకూడదు.

వరుస ఇలా ఉండాలి: ముందు చేతితో తిప్పే వాల్వు, దాని తర్వాత 120 మెష్ (అంగుళానికి 120 కన్నాలున్న) జాలీ ఫిల్టరు, ఆ తర్వాత టైమరు, చివర 16 ఎం.ఎం. నల్ల గొట్టం. ఫిల్టరును టైమరుకు ముందే పెట్టాలన్నది ముఖ్యం, ఎందుకంటే ట్యాంకు అడుగున పేరుకున్న ఇసుక రేణువు ఒక్కటి గుండుకూ దాని సీలుకూ మధ్య ఇరుక్కున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు. ఫిల్టరు మీదా టైమరు మీదా ఉన్న బాణం గుర్తులు నీరు పారే దిక్కుకే ఉండాలి. మర మీద టెఫ్లాన్ టేపును, మర బిగిసే దిశలోనే, ఆరేడు చుట్లు లాగి చుట్టాలి. లోపల రబ్బరు వాషరు ఉన్న చోట టేపు అక్కర్లేదు, టేపు చుడితే వాషరు సరిగా కూర్చోదు. టైమరు ప్లాస్టిక్ మరను చేతితోనే బిగించాలి. స్పానరు పెట్టి ఒక్క చుట్టు ఎక్కువ తిప్పితే సన్నని చీలిక వస్తుంది, అది ఎండకు వ్యాకోచించి కొన్ని వారాల తర్వాతే కారడం మొదలవుతుంది. టైమరు బరువంతా మర మీద వేలాడకుండా కింద ఒక ఇటుకో, గోడకు ఒక క్లిప్పో ఆసరాగా ఇవ్వాలి. ఎండ నేరుగా తగిలితే తెర మీది అంకెలు నల్లబడి చదవడానికి రావు, కనుక ట్యాంకు నీడలోనే దాన్ని ఉంచాలి.

16 ఎం.ఎం. గొట్టాన్ని మిద్దె చుట్టూ తిప్పి, కొసను మళ్లీ మొదటికే కలిపి వలయంలా చేస్తే చివరి కుండీలకూ సమంగా నీరు అందుతుంది. తక్కువ ఒత్తిడిలో ఎత్తుపల్లాలు బాగా ప్రభావం చూపుతాయి: మొత్తం ఎత్తు ఒకటిన్నర మీటర్లే ఉన్నప్పుడు, 60 సెంటీమీటర్ల స్టాండు మీద పెట్టిన మల్లె కుండీ ఒత్తిడిలో ఐదింట రెండు వంతులు కోల్పోతుంది. అలాంటి కుండీకి రెండు డ్రిప్పర్లు పెట్టడం తేలికైన పరిష్కారం. కలబంద, జెడ్ మొక్కల వంటివాటిని ఈ వరుసలోకి తేకుండా విడిగా ఉంచి చేతితో పోసుకోవాలి. డ్రిప్పర్లు గుచ్చే ముందు వలయాన్ని ఒక చోట విప్పి ఐదు నిమిషాలు నీరు వదిలితే గొట్టం కోతల్లోని ప్లాస్టిక్ పొట్టు బయటికి పోతుంది. ఆ పొట్టే తర్వాత డ్రిప్పర్లకు అడ్డుపడేది.

అన్నీ కుదిరాక మూడు చోట్ల, ట్యాంకు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, బాగా దూరాన ఒకటి, డ్రిప్పరు కింద గ్లాసు పెట్టి పది నిమిషాల్లో ఎంత పడుతుందో కొలవాలి. పావు లీటరు గ్లాసు పది నిమిషాల్లో నిండితే అక్కడ గంటకు లీటరున్నర వస్తున్నట్లు. టైమరులో పెట్టవలసిన నిమిషాలను ఆ కొలత నుంచే లెక్కకట్టుకోవాలి.

వేసవిలో రోహిణి కార్తె నాటికి చిన్న కుండీలకు రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున 5 గంటలకూ సాయంత్రం 6 గంటల తర్వాతా, నీళ్లు అందాలి. మధ్యాహ్నం నల్ల గొట్టంలో నిలిచిన నీరు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వేళ టైమరు తెరుచుకుంటే వేర్లకు హాని. కొబ్బరి పీచు పొడి బాగా ఎండిన కుండీల్లో నీరు అంచుల వెంట జారి అడుగు నుంచి పోతుంది. అలాంటప్పుడు ఇరవై నిమిషాలు ఏకధాటిగా పెట్టడం కంటే పది నిమిషాలు పెట్టి, అరగంట ఆగి, మళ్లీ పది నిమిషాలు పెడితే మట్టి తడుస్తుంది. మృగశిర దాటి వానలు పడ్డాక సాయంత్రపు విడతను తీసేసి, ముసురు పట్టిన రోజుల్లో వాన విరామం మీటను నొక్కాలి. చలికాలంలో పాలకూర, మెంతికూర, గోంగూర వంటివాటికి ఒక్క విడత చాలు.

బ్యాటరీ అయిపోయేటప్పుడు కొన్ని టైమర్లు తమంతట తాము మూసుకుంటాయి, కొన్ని తెరుచుకునే ఉండిపోతాయి. తెరుచుకుపోతే తెల్లారేసరికి ఇంటిల్లిపాది వాడే ట్యాంకు ఖాళీ అవుతుంది. దీనికి నమ్మదగిన ఏర్పాటు ఏమిటంటే, తోట కోసం విడిగా 200 లీటర్ల డ్రమ్మును ఎత్తు మీద పెట్టి, టైమరును దానికి తగిలించి, రోజూ ఒకసారి నింపుకోవడం. ఊరికి వెళ్లేవారు ఆ డ్రమ్ముకు ట్యాంకు నుంచి ఫ్లోటు వాల్వు పెట్టుకుంటే డ్రమ్ము తనంత తానే నిండుతుంది, అయితే టైమరు తెరుచుకుపోతే ట్యాంకు ఖాళీ కాకుండా ఆపే కాపలా పోతుంది. నాలుగైదు రోజుల ప్రయాణానికి నింపిన డ్రమ్మూ, తగ్గించిన నిమిషాలే సరిపోతాయి. సంక్రాంతికి ఊరు వెళ్లాలంటే అంతకు ముందు వారం ఇంట్లో ఉన్నప్పుడే టైమరును నడిపించి చూసుకోవాలి.

బ్యాటరీలు ఆల్కలైన్ రకమే వేయాలి. తిరిగి ఛార్జి చేసేవి 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి మోటారు బలహీనంగా తిరుగుతుంది, టైమరు వాటిని అయిపోయినవిగా చూపుతుంది. ఫిల్టరు జాలీని రెండు వారాలకోసారి కడగాలి. బోరు నీళ్లు వాడేవారు డ్రిప్పర్ల నోటి దగ్గర తెల్లటి పొర కనిపించగానే వాటిని ఊడదీసి, నీళ్లు కలిపిన వెనిగరులో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టుకోవచ్చు. వానాకాలంలో టైమరును వాడకుండా వదిలేస్తే బ్యాటరీలు తీసి, లోపలి నీరు వంచేసి, పొడి చోట దాచాలి; తీయని బ్యాటరీ కారితే స్ప్రింగుల మీద పచ్చటి తుప్పు పట్టి టైమరు మరుసటి ఏడాదికి పనికిరాకుండా పోతుంది.