వేట మొదలయ్యే శనివారం లోపు తూటాల డబ్బా చివరి రెక్క చదవండి

రెండు వారాల కిందట మేం కాల్పులు సాధన చేసే రేంజిలో ఒక తుపాకీ పేలిపోయింది. నేను పక్క లేన్లోనే ఉన్నాను. తండ్రీ కొడుకులు, మనవాళ్ళే. రెండు ఏఆర్ రైఫిళ్ళు తెచ్చుకున్నారు. ఒకటి 223 తూటాది, ఇంకొకటి 300 బ్లాకౌట్ తూటాది. రెండింటికీ ఒకే రకం మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) పడుతుంది. కుర్రాడు బల్ల మీదున్న మ్యాగజైన్ తీసి 223లోకి తోశాడు. అందులో ఉన్నవి బ్లాకౌట్ తూటాలు.

తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే బోల్టు మూసుకుంది. కొంపముంచింది అదే. మూసుకోకపోయి ఉంటే ఏం జరిగేది కాదు. 300 బ్లాకౌట్‌ను పుట్టించిందే 223 ఇత్తడి గొట్టాన్ని పొట్టిగా కోసి, మూతి వెడల్పు చేసి. అడుగు కొలత రెండింటికీ ఒకటే. బ్లాకౌట్ బుల్లెట్ మందం మాత్రం 0.308 అంగుళాలు. అది దూరాల్సిన 223 బ్యారెల్‌కు సరిపోయే బుల్లెట్ 0.224. కొన్ని రకాల బుల్లెట్లు కొంచెం వెనక్కి నొక్కుకుని బోల్టుకు దారిస్తాయి. ట్రిగ్గర్ నొక్కాక బుల్లెట్ ముందుకు పోలేదు, ఒత్తిడంతా వెనక్కి తిరిగింది. రిసీవర్ (బోల్టు ఉండే తుపాకీ నడుము భాగం) చీలింది, మ్యాగజైన్ కింద నుంచి ఊడి నేల మీద పడింది, కుర్రాడి ఎడమ అరచేతిలో ఇత్తడి తునకలు దిగాయి. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి.

తండ్రి చేతులు వణుకుతూనే, "లోపలికి పట్టింది కదన్నా, సరిపోయిందనుకున్నాం" అన్నాడు.

ఆ మాట కోసమే ఇది రాస్తున్నా. పట్టిందంటే సరిపోయినట్టు కాదు. మన పెన్సిల్వేనియాలో జింకల రైఫిల్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం ఉండేది. శనివారం నీసు ముట్టని ఇళ్ళవాళ్ళం, ఆ రోజే వేటకు బయల్దేరుతున్నాం, అది వేరే సంగతి. నారింజ రంగు జాకెట్టు, తుపాకీ మూతి ఎటు చూడాలి, వేలు ఎక్కడ ఉండాలి, ఇవన్నీ హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చెప్పే ఉంటారు. అవి వదిలేస్తాను. పదమూడు సీజన్లలో జనాన్ని ముంచగా నేను చూసిన తప్పు ఒక్కటే. అంకె చూసి కొంటారు, డబ్బా చదవరు.

ముందు మాటలు తేల్చుకుందాం

మనం అన్నిటినీ కలిపి బుల్లెట్లు అనేస్తాం. చేతిలో పట్టుకునే మొత్తం వస్తువు తూటా: ఇత్తడి గొట్టం, మందు, అడుగున మందును రగిలించే ప్రైమర్, కొనకు బుల్లెట్. ఎగిరి వెళ్ళి జింకను తాకేది ఆ కొన ఒక్కటే. 308, 30-30, 243 అన్న అంకెలు తూటా పేర్లు. మీ తుపాకీలో ఏది పడుతుందో అవి చెబుతాయి. జింక లోపల ఏం జరుగుతుందో చెప్పేది బుల్లెట్ రకం. డబ్బా ముందు కొమ్ముల జింక బొమ్మ ఉంటుంది, దాన్ని చూడటం చదవడం కాదు. చివరి రెక్క మీద చిన్న అక్షరాలుంటాయి: తూటా పేరు, బుల్లెట్ బరువు, రకం. చదవాల్సింది అది.

బరువు గ్రెయిన్లలో ఉంటుంది. 180 గ్రెయిన్లంటే సరిగ్గా మన పాత తులం, 11.66 గ్రాములు. ఇప్పటి నగల కొట్టు పది గ్రాముల తులం కాదు, అమ్మమ్మల నాటిది. ఇది తెలిశాక మా ఆవిడకు కూడా గ్రెయిన్లు అర్థమయ్యాయి.

దగ్గర వేటలో బుల్లెట్ చేసే పని

మా వైపు అడవిలో ఓక్ చెట్ల మధ్య నుంచి జింక కనపడేది 30 గజాల నుంచి 70 గజాల లోపే. వంద దాటి కాల్చిన సందర్భాలు నావి రెండే. ఆ దూరానికి బుల్లెట్ వేగం పెద్దగా తగ్గదు. బ్యారెల్‌లోంచి ఎంత వేగంతో బయటపడిందో దాదాపు అంతే వేగంతో ఎముకను తాకుతుంది. అందుకే దగ్గర వేటలో రెండు వైపులా చెడుతుంది.

మొదటిది, అసలు విచ్చుకోని బుల్లెట్. ఎఫ్‌ఎమ్‌జె అని రాసి ఉంటుంది. సీసం ముందు భాగమంతా రాగి తొడుగు కప్పేసినది. రేంజిలో కాగితాలకు కన్నాలు పెట్టడానికి చవకగా దొరుకుతుంది. నాకు తెలిసిన ఒకాయన 308 కొన్నాడు, మంచి రైఫిల్. తూటాలు మాత్రం "308 అని ఉంది కదా" అని రేంజి డబ్బానే అడవికి తెచ్చాడు. 35 గజాల్లో నిలబడ్డ ఆడ జింక, ఊపిరితిత్తుల మీదే కొట్టాడు. ఇటు నుంచి అటు పెన్సిల్ అంత కన్నం చేసుకుని బుల్లెట్ వెళ్ళిపోయింది. జింక తోకెత్తి పరుగు. ఆకుల మీద చిక్కుడు గింజంత నెత్తురు చుక్కలు నాలుగు, ఆ తర్వాత ఏమీ లేవు. మరుసటి రోజు మధ్యాహ్నం వాగు పక్కన దొరికింది, అప్పటికే కొయొటీలు తినేశాయి. సరైన చోట కొట్టి కూడా ఆ ప్రాణిని అలా చంపాడు. ఆయన మళ్ళీ వేటకు రాలేదు. పెన్సిల్వేనియాలో జింకకు విచ్చుకునే బుల్లెట్ వాడాలన్నది చట్టం కూడా. డబ్బా చదివి ఉంటే రెండూ తప్పేవి.

రెండోది దీనికి తిరగబడ్డది. "పెద్ద తుపాకీ అయితే పని అయిపోతుంది" అని 300 విన్ మ్యాగ్ (వించెస్టర్ మ్యాగ్నమ్) కొని, అందులో తేలికైన 150 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే కొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించే బుల్లెట్, పెట్టడం. అది సెకనుకు 3,200 అడుగులకు పైగా బయల్దేరుతుంది. మూడొందల గజాలు పోయి నెమ్మదించాక చక్కగా విచ్చుకునే బుల్లెట్, ముప్పై గజాల్లో భుజం ఎముక మీద చిట్లిపోతుంది. మట్టిముద్దను గోడకేసి ఎంత గట్టిగా కొడితే అంత చెదురుతుంది కానీ గోడలోకి దిగదు కదా, అలాగే. భుజం అంతా నెత్తుటి జెల్లీ, కొన్నిసార్లు ఊపిరితిత్తి దాకా చేరనే చేరదు. చర్మం తీసేటప్పుడు ముందు కాళ్ళు రెండూ పారేసిన వాళ్ళను చూశాను.

దీనికి పక్కన 30-30 పెట్టి చూడండి. 1895 నుంచి ఉన్న తూటా. 170 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 2,200 అడుగులతో బయల్దేరుతుంది. కాగితం మీద చూస్తే నామోషీగా ఉంటుంది. అయితే దాని బుల్లెట్లు ఆ వేగానికే చేశారు. పుట్టగొడుగులా దాదాపు రెండింతలు విచ్చుకుని, చాలాసార్లు అవతలి పక్క నుంచి బయటపడుతుంది. అడవిలో డెబ్బై గజాలకు ఇంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు.

మరి ఏం కొనాలి

ఇంకా తుపాకీ కొనని వాళ్ళు 30-30, 35 రెమింగ్టన్, 7ఎమ్ఎమ్-08, 308లో ఏదైనా తీసుకోండి. నన్నడిగితే కొత్తవాళ్ళకు 7ఎమ్ఎమ్-08. భుజానికి దెబ్బ తక్కువ, దెబ్బకు భయపడి కళ్ళు మూసుకోవడమూ తక్కువే. అందులో 140 గ్రెయిన్లు, 308లో 150 లేదా 165 మామూలు సాఫ్ట్ పాయింట్, 30-30లో 150 లేదా 170. రెమింగ్టన్ కోర్-లాక్ట్ లాంటివి 1939 నుంచి ఈ పనే చేస్తున్నాయి. ఖరీదైన బుల్లెట్టే ఉండాలన్న రూలేమీ లేదు.

243 ఉన్నవాళ్ళు 95, 100 గ్రెయిన్లవి తీసుకోండి. అదే అరలో 55, 58 గ్రెయిన్లవీ ఉంటాయి. అవి గ్రౌండ్‌హాగ్‌లకు, నక్కలకు. తాకగానే తునాతునకలు కావడానికే చేసినవి. జింక పైపైనే పగిలి ఊరుకుంటాయి. అంకె ఒకటే, డబ్బా రంగూ ఒకటే. చివరి రెక్క చదవండి.

మ్యాగ్నమ్ ఇప్పటికే కొనేశారా? అమ్మనక్కర్లేదు. 180 గ్రెయిన్ల బాండెడ్ బుల్లెట్ గానీ, పూర్తి రాగితో చేసినది గానీ వేయండి. బాండెడ్ అంటే తొడుగును సీసానికి అతికించినది, దగ్గర దెబ్బకు అంత తేలిగ్గా విడిపోదు.

ఒహాయోలో ఉన్నవాళ్ళు నా లిస్టు పక్కన పెట్టండి. అక్కడ రైఫిల్‌తో జింకకు మెడ లేని, నిటారు గొట్టం తూటాలే. 350 లెజెండ్, 450 బుష్‌మాస్టర్, 45-70 లాంటివి. కొలంబస్‌లో ఉండే తమ్ముడొకడు నా 308 చూసి అదే కొనుక్కున్నాడు. ఆ సీజనంతా అది అల్మరాలోనే ఉంది. మీ రాష్ట్రం రూలు పుస్తకం ఈ ఏడాదిది చదవండి, పోయినేడాదిది కాదు. 350 లెజెండ్‌లోనూ ఎఫ్‌ఎమ్‌జె డబ్బాలున్నాయి, జాగ్రత్త.

వీసా మీద ఉన్నవాళ్ళకు

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 ఏదైనా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉండకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు. పెన్సిల్వేనియా లైసెన్సు జూన్ 30తో ముగుస్తుంది. జూలై 1 పొద్దున అల్మరాలో మిగిలిన అరడబ్బా తూటాలు కూడా నేరమే. "ఫ్రెండ్ తుపాకీ, ఊరికే పట్టుకున్నా" అన్నది జవాబు కాదు. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తున్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తా, కారణాలు కొన్నిటికే.

లీవర్ యాక్షన్‌లో (చేతి లీవరు కిందికి లాగి తూటా ఎక్కించే రైఫిల్) బ్యారెల్ కింద గొట్టం మ్యాగజైన్ ఉంటే మొనదేలిన లోహపు బుల్లెట్లు వేయకండి. తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కు ఆనుకుంటుంది. కాల్చినప్పటి కుదుపుకు అది చాలు. కొన చదునుగా ఉన్నవి, లేదా మెత్తటి రబ్బరు కొనతో దానికోసమే చేసినవి వేయండి.

300 బ్లాకౌట్, 223 రెండూ ఇంట్లో ఉంటే రెండింటినీ ఒకే రోజు రేంజికి తేకండి. మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టండి. టేపు చుట్టాను కదా అని తూటా అడుగు చదవడం మానకండి.

మామూలుగా తూటా అడుగున ఇత్తడి మీద దాని పేరు చెక్కి ఉంటుంది. బ్యారెల్ మీదా పేరుంటుంది. రెండూ అక్షరం అక్షరం కలవాలి. 308 వేరు, 30-06 వేరు, 300 విన్ మ్యాగ్ వేరు.

షాట్‌గన్ 12 గేజ్ తూటాలున్న జేబులో 20 గేజ్‌వి ఉండకూడదు. గేజ్ అంకె పెరిగే కొద్దీ తూటా సన్నమవుతుంది. అది బ్యారెల్‌లోకి జారి కనపడకుండా ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని మీరు 12 వేస్తారు. 20 గేజ్‌ను పసుప్పచ్చగా చేసేది ఇందుకే.

సబ్‌సోనిక్ (శబ్దం కన్నా నెమ్మది) అని ఉన్న బ్లాకౌట్ డబ్బా జింకకు వద్దు. సెకనుకు వెయ్యి అడుగుల చిల్లర వేగం, చాలావాటిలో బుల్లెట్ విచ్చుకోదు. చప్పుడు తక్కువని మురిసిపోకండి.

మ్యాచ్ అని రాసి ఉంటే అది గురి పోటీల తూటా. కొనకు కన్నం ఉన్నంత మాత్రాన వేట బుల్లెట్ కాదు.

"బరువైన బుల్లెట్ పొదల్లోంచి దూసుకుపోతుంది" అని ఎవరు చెప్పినా నమ్మకండి. చిటికెన వేలంత కొమ్మ తగిలినా ఏ బుల్లెట్టయినా పక్కకు తిరగొచ్చు. ఖాళీ దొరికేదాకా ఆగండి. దొరకకపోతే పోనివ్వండి.

వేటకు ఏ డబ్బా తీసుకెళ్తారో ఆ డబ్బాతోనే స్కోపు (తుపాకీ మీద గురి చూసే దుర్భిణి) సరిచేయండి. 150 నుంచి 180కి మారితే అదే తుపాకీ వేరే చోట కొడుతుంది. చవకవాటితో సరిచేసి, మంచివాటితో వేటకు పోవడం అందరూ చేసేదే. అందరూ చేసేది తప్పు.

స్కోపు అతి తక్కువ మీద పెట్టుకుని కూర్చోండి. పన్నెండు రెట్ల మీద ఉంచితే నలభై గజాల్లో వెంట్రుకలు తప్ప ఏమీ కనపడవు. నాకు కనపడలేదు.

జింక వెనక మట్టి ఉందా? ఆకాశం ఉంటే కాల్చవద్దు. 30-06 బుల్లెట్ మూడు మైళ్ళు పోగలదు.

గాయం చుట్టూ మాంసం కనీసం అరచేతి వెడల్పున కోసి పారేయండి. సీసపు పొడి కంటికి కనపడదు, ఖీమాలో అంతటా కలుస్తుంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచే జింక మాంసాన్ని ఇందుకే ఆపేశారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే, కడుపుతో ఉన్నవాళ్ళుంటే రాగి బుల్లెట్ కొనండి.

తలకాయ కూర వద్దు. జింకల మెదడును పాడుచేసే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) జబ్బు 2012 నుంచి పెన్సిల్వేనియాలో ఉంది. మెదడు, వెన్నుపాము, కళ్ళు ముట్టవద్దు. అత్తగారు ఎంత బాగా వండినా వద్దు.

వేరేవాళ్ళు ఇంట్లో చేసిన తూటాలు తీసుకోకండి. మీ బావమరిది చేసినా సరే.

పట్టిందని కాల్చకండి.

శుక్రవారం రాత్రి పడుకునే ముందు వేట కోటు జేబులన్నీ మంచం మీద బోర్లించండి. పోయినేడాది తూటా ఒకటి తప్పకుండా దొరుకుతుంది. దాన్ని కొత్త డబ్బాలో కలపకండి. అడుగున ఏముందో దీపం కింద చదివి, విడిగా పెట్టి తాళం వేయండి.