పద్మినిని కిందికి దించాలా? ముందు టేపు పట్టుకోండి

పాత ప్రీమియర్ పద్మిని కారు కాస్త నేలకు దిగి నిలబడితే ఆ అందమే వేరు, కాదనను. కానీ విజయనగరంలో మా సందు చివర స్పీడ్ బ్రేకర్‌కి ఆ అందంతో పనిలేదు, అడుగు గీకేస్తుంది. రూలు ప్రకారం బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. వీధివాళ్లు సొంతంగా సిమెంటుతో పోసినవి ఏ లెక్కకూ రావు. అందుకే నేను అంగుళం, మహా అయితే అంగుళంన్నర దగ్గర ఆగమంటాను.

చదునైన చోట బండి ఆపి, టైర్లలో గాలి సరిచూసుకుని, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. తర్వాత ఇంటిల్లిపాదినీ ఎక్కించి మళ్లీ కొలవండి. సిరిమాను పండక్కి మా అత్తయ్య, పెద్దమ్మ, పిల్లలు వెనక సీట్లో కూర్చుంటే బండి ఎంత దిగుతుందో అప్పుడే తెలిసింది, ఇక బంప్ రబ్బరుకు (బండి బాగా కుంగినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా ఆపే రబ్బరు) మిగిలిన ఖాళీలోంచే మీరు దించుకోవాలి.

పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు. పొట్టివి దొరక్కపోతే చుట్టు కోస్తారు, కోస్తే స్ప్రింగ్ గట్టిపడుతుంది కూడా: పనిచేసే చుట్లు ఎనిమిదిలో ఒకటి తీసేస్తే సుమారు 14 శాతం. అందుకే అర చుట్టుతో మొదలుపెట్టండి. గ్యాస్‌తో కాల్చి కుంగదీస్తానంటే మాత్రం బండి వెనక్కి తెచ్చేసుకోండి, ఆ వేడికి స్ప్రింగ్ పదును పోతుంది. విప్పేటప్పుడు స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా చెయ్యి పెట్టొద్దు, ఎగిరితే ఎముక విరుగుతుంది. అంబాసిడర్‌ వాళ్లకి ఈ తంటా లేదు, ముందు టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) కాబట్టి గుర్తు పెట్టుకుని దాన్నే తిప్పి బిగిస్తే ఎత్తు మారుతుంది, గట్టితనం మారదు.

వెనక కమాన్ పట్టీలు, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చిన వంపు పట్టీల స్ప్రింగులు. వంపు తగ్గించాలంటే సాలూరులాంటి చోట లారీ కమాన్లు చేసేవాళ్ల చెయ్యి మంచిది. పట్టీ తీసేయడం నాకు నచ్చదు, కట్ట బలం పోతుంది. కమానుకీ యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసుకీ) మధ్య దిమ్మ వేసేముందు కిందికి దూరి చూడండి: కమాను యాక్సిల్ కింద ఉంటేనే మధ్యలో దిమ్మ వేస్తే బండి దిగుతుంది, పైన ఉంటే ఇంకా లేస్తుంది!

ఇక షాక్‌లు, అంటే షాక్ అబ్జార్బర్లు. నేను బోల్తాపడింది ఇక్కడే. బండి దించి పాత షాక్‌లే ఉంచేశాను, నెల తిరక్కుండా ఒకటి నూనె కక్కింది. షాక్ బరువు మోయదు, ఊపును ఆపుతుంది. బండి దిగితే దాని రాడ్డు ముందే సగం లోపలికి పోయి ఉంటుంది, గుంటలో పడగానే లోపల అడుగుకు కొట్టేస్తుంది. స్ప్రింగ్ విప్పినప్పుడే చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌ని జాకీతో బంప్ రబ్బరు బాగా నలిగేదాకా లేపి, షాక్ బిగించే రెండు చోట్ల మధ్య దూరం కొలవండి. తర్వాత పూర్తిగా వేలాడదీసి కొలవండి. కొనే షాక్ మూసినప్పుడు మొదటి కొలత కన్నా పొట్టిగా, తెరిచినప్పుడు రెండోదాని కన్నా పొడవుగా ఉండాలి. చివర బోల్టు పట్టే కన్ను సరిపోయిందని వేరే బండిది తగిలించేస్తే నాలాగే అవుతుంది.

స్ప్రింగ్ గట్టిపడితే షాక్ తిరిగి తెరుచుకునేటప్పుడు కూడా కాస్త గట్టిగా పట్టాలి, లేదంటే బండి గుర్రంలా ఎగురుతుంది. మన రోడ్లకు మామూలు ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) నూనె షాక్ చాలు. గ్యాస్ నింపిన షాక్ బండిని కొంచెం పైకి నెడుతుంది, మీరు కష్టపడి దించిందాంట్లో కొంత వెనక్కి పోతుంది.

కొత్తవి నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి లాగి, లోపలి గాలి పోయాకే వేయండి. బుష్ (కీలు దగ్గరి రబ్బరు) బోల్టులు చక్రాలు గాల్లో ఉండగా బిగించకండి, చక్రాలు నేల మీద ఆనాక ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి బ్రేక్ గొట్టం ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకుని, అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు సరిచేయించండి. నాతవలస దాకా రెండు మూడుసార్లు వెళ్లొచ్చాక కమానును యాక్సిల్‌కి కట్టే యూ బోల్టులు మళ్లీ బిగించండి, నావి అర చుట్టు చొప్పున వదులయ్యాయి.