పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఇంట్లోనే ఎలా చూసుకోవాలి? (కింద పడుకుని చేసే పనులు)

పాత ఫోర్ బై ఫోర్ కొన్న ప్రతివాడూ మొదటిరోజు బానెట్ ఎత్తి ఇంజన్ వంక మురిపెంగా చూస్తూ నిలబడతాడు, నేనూ అదే చేశా, కానీ ఈ బండ్లకి జబ్బులు ఎక్కువగా వచ్చేది కింద. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బెల్టులు ఏ బండికైనా ఒకటే కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. యాక్సిల్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె), ప్రొపెల్లర్ షాఫ్టులు (ఆ బలాన్ని యాక్సిల్స్‌కి మోసుకెళ్లే పొడవాటి కడ్డీలు), ముందు హబ్బులు (చక్రాల మధ్య భాగాలు), ఇవి చూసుకుంటే బండి చాలాకాలం వస్తుంది. 1941లో విల్లీస్ ఎంబీ జీపు వచ్చినప్పటి ఏర్పాటే పాత బండ్లలో చాలావాటికి ఇంకా ఉంది, పెద్ద రహస్యం ఏం లేదు, స్పానర్ పట్టుకోవడం వస్తే సగం పని వచ్చినట్టే.

ముందు ప్రాణం సంగతి. గట్టి నేల, సమానంగా ఉన్న చోటు చూసుకోండి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి, జాకీతో లేపాక యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టకుండా తల లోపలికి పెట్టకండి. ఇది అందరికీ తెలిసిందే గానీ ఈ బండ్లకి మాత్రమే ఉన్న రెండు మెలికలు చాలామందికి తెలీదు. ట్రాన్స్‌ఫర్ కేసు లివర్ న్యూట్రల్‌లో ఉంటే మీరు గేర్‌లో పెట్టి వదిలినా, ఆటోమేటిక్‌లో పార్క్‌లో పెట్టినా బండి హాయిగా దొర్లిపోతుంది, ఎందుకంటే గేర్‌బాక్సుకీ చక్రాలకీ అక్కడ సంబంధం తెగిపోయింది. రెండోది, పాత ల్యాండ్ రోవర్ లాంటి కొన్నిటికి హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉంటుంది. అలాంటప్పుడు వెనక ఒక్క చక్రం లేపారంటే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) వల్ల గాల్లో ఉన్న చక్రం తిరుగుతూ నేల మీదున్న చక్రం దొర్లుతుంది, హ్యాండ్‌బ్రేకు వేసుండి కూడా. అందుకే దిమ్మలు మర్చిపోవద్దు అంటున్నా.

ఇప్పుడు ఆయిల్. యాక్సిల్‌కి రెండు ప్లగ్గులుంటాయి, కింద వదిలేది, పక్కన నింపేది. ఏది ముందు విప్పాలి? నింపేది. నేను మొదటిసారి ఉత్సాహంగా కింది ప్లగ్గు ఊడదీసి ఆయిలంతా ట్రేలోకి వదిలేశా, తర్వాత చూస్తే నింపే ప్లగ్గు తుప్పు పట్టి కదల్లేదు, తలేమో అరిగి గుండ్రంగా అయిపోయింది, ఆయిల్ లేని బండి రెండు రోజులు స్టాండ్ల మీదే ఉంది, ఇంట్లోవాళ్లు రోజుకి రెండుసార్లు వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లేవాళ్లు, అదే ఎక్కువ బాధ. కాబట్టి పై ప్లగ్గు చుట్టూ వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నానబెట్టండి. పొద్దున అది వదులైతేనే కింది దాని జోలికి వెళ్లండి. విప్పేముందు బండిని పది పదిహేను నిమిషాలు నడిపితే ఆయిల్ వేడెక్కి పల్చబడి మురికితో సహా దిగుతుంది.

ఆ దిగిన ఆయిల్‌ని పారబోసే ముందు దాన్ని చూడండి, నాకైతే అసలు పని ఇదే అనిపిస్తుంది. నల్లగా ఉంటే పాతదైంది, అంతే. టీ రంగులోకి, పాలు కలిసినట్టు ఉంటే నీళ్లు దూరాయి. ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉండటం మామూలే, వేళ్ల మధ్య రుద్దితే గరగర అనకూడదు. ముక్కలు, పెచ్చులు, పళ్ల తునకలు కనిపిస్తే కొత్త ఆయిల్ పోసి మభ్యపెట్టుకోవద్దు, డిఫరెన్షియల్ విప్పించాల్సిందే, అది ఇంట్లో పని కాదు.

నీళ్లు ఎలా దూరాయంటే చాలాసార్లు తప్పు ఆయిల్ కారకుండా ఆపే సీలుది కాదు, బ్రీదర్‌ది. యాక్సిల్ పైన గాలి ఆడటానికి చిన్న మూతో, సన్న గొట్టమో ఉంటుంది, అదే బ్రీదర్. పరిగెత్తి వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బ్రీదర్ బురదతో మూసుకుపోతే ఆ లాగుడు సీళ్ల దగ్గర నీళ్లని లోపలికి పీల్చేస్తుంది. వేడెక్కినప్పుడు ఉల్టా, ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. అందుకే సీలు కారుతోందని కొత్త సీలు కొనేముందు బ్రీదర్ శుభ్రం చేసి కొన్ని రోజులు చూడండి, నేను అనవసరంగా ఒక సీలు మార్చాకే ఈ బుద్ధొచ్చింది.

కొత్త ఆయిల్ చేతిపంపుతో పోయాలి. మామూలుగా నింపే కన్నం కింది అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలైతే నిండినట్టు. డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రకం (డబ్బా మీద రాసుంటుంది), చిక్కదనం చాలా బండ్లలో 80డబ్ల్యూ-90. అదే డబ్బాలో మిగిలింది కదా అని మాన్యువల్ గేర్‌బాక్సులో పోసేయకండి, కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌లో ఉండే గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగుల్ని (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) తినేస్తాయి, అందుకే పాత గేర్‌బాక్సులు చాలావాటికి జీఎల్-4 అడుగుతారు. ట్రాన్స్‌ఫర్ కేసు సంగతి ఇంకా వేరు, ఒకదానికి గేర్ ఆయిల్, ఇంకోదానికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్), బండితో వచ్చిన పుస్తకం చూడకుండా పోయొద్దు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే రకం) అయితే దానికి తగ్గ ఆయిలో, అడిటివో కావాలి.

తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టులు. రివర్స్ నుంచి ముందుకి మార్చినప్పుడు కింద టక్కుమని కొడుతుందా, స్పీడుతో పాటు కిచకిచలు పెరుగుతాయా? క్రాసుల మీద అనుమానపడండి, అంటే షాఫ్టు చివర్లలో ఉండే ప్లస్ ఆకారపు కీళ్లు, వాటి నాలుగు కొసలకీ కప్పులుంటాయి. దిమ్మలు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టుని చేత్తో పట్టుకుని మెలిపెట్టి పైకీ కిందకీ కదిపి చూడండి, క్రాసు దగ్గర లొడలొడ ఉండకూడదు. కప్పుల అంచుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు ఎండిపోయి తమని తాము అరగదీసుకుంటున్నాయి అన్నట్టు, మార్చాల్సిందే. బాగున్నవాటికి గ్రీజు నిపుల్ తుడిచి (తుడవకపోతే ఇసుకని మీరే లోపలికి పంపిస్తారు) నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు కనిపించేదాకా గన్ కొట్టండి. స్లిప్ జాయింట్‌కి (షాఫ్టు పొడవు మారేందుకు లోపలికీ బయటికీ జారే భాగం) మాత్రం రెండు మూడు నొక్కులు చాలు. షాఫ్టు దించేటప్పుడు రెండు వైపులా పెయింటుతో గుర్తు పెట్టుకోండి, తిప్పి బిగిస్తే తర్వాత వణుకు ఎక్కడిదో వెతుక్కుంటూ కూర్చోవాలి.

ముందు చక్రం లేపి టైరుకి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఆట ఉందా? ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్ పిన్నో బాల్ జాయింటో (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగే కీళ్లు). ఈ చిన్న కిటుకు తెలీక బేరింగులు మార్చి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఫుల్లుగా స్టీరింగ్ తిప్పి ఫోర్ వీల్‌లో నెమ్మదిగా కదిలిస్తే టక్ టక్ వస్తే యాక్సిల్ జాయింటు అరిగింది. చేత్తో తిప్పే హబ్ లాకులుంటే (ముందు చక్రాల్ని యాక్సిల్‌తో కలిపేవి, విడదీసేవి) విప్పి కడిగి పల్చగా గ్రీజు రాయండి, ముద్దలు ముద్దలుగా కూరితే చలికి గడ్డకట్టి లాకు పడదు.

వాడకం గురించి రెండు ముక్కలు. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు వెనక షాఫ్టుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) లేని పార్ట్ టైం బండిని, అంటే అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసేదాన్ని, పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపొద్దు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగలేక షాఫ్టుల్లో మెలి పేరుకుని లివర్ బిగుసుకుపోతుంది. బిగుసుకుంటే బలంగా గుంజకండి, కొంచెం రివర్స్ చేయండి, వదులుతుంది. అలాగని ఏడాదంతా వాడకుండా కూడా ఉంచొద్దు, నెలకోసారి మట్టిరోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడిపితే లోపల ఆయిల్ అన్ని చోట్లకీ అందుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకేలా అరిగినవి ఉండాలి.

పని అయ్యాక పాత ఆయిల్ డబ్బాలో పోసి పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి, కాలవలో పోయకండి. చక్రం విప్పి ఉంటే ఒక వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ బిగించి చూడండి. ఆ రాత్రికి బండి కింద పాత అట్టముక్క ఒకటి పరిచి మీరు ఇంట్లోకెళ్లి పడుకోండి, పొద్దున మరక ఎక్కడ పడిందో చూస్తే ఏ ప్లగ్గుకి వాషర్ వేయడం మర్చిపోయారో తెలిసిపోతుంది.